తిప్ప మీది తొండ

తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని మనవారు సామెత చెబుతారు. జంతుశాస్త్రం ఈ సామెతను అంగీకరించదు. తొండ ఎంత ముదిరినా తొండే. ఊసరవెల్లి పుట్టుకతోనే ఊసరవెల్లి. రెండూ చెట్టు మీద బతికే బల్లి జాతులే అయినప్పటికీ వాటి వంశాలు వేరు, కాళ్ళ తీరు వేరు, వేటాడే పద్ధతి వేరు. అయితే ఒక్క విషయంలో మాత్రం రెండింటికీ గట్టి పోలిక ఉన్నది. బతుకంతా కొమ్మల మీద గడిపే ఈ ప్రాణులు గుడ్లు పెట్టవలసి వచ్చినప్పుడు నేలకు దిగక తప్పదు. గోయి తవ్వి, మట్టిలో గుడ్లు దాచి, తిరిగి చెట్టెక్కవలసిందే.

మన పెరటిలో ఉండే తొండకు ఇది పెద్ద సమస్య కాదు. కాని చుట్టూ ఉప్పునీరు, కింద బురద, రోజుకు రెండుసార్లు పోటు వచ్చి చెట్ల మొదళ్ళను ముంచే దీవి అడవిలో ఉన్న తొండ సంగతి ఏమిటి? చెట్లకు అక్కడ కొదువ లేదు. కొదువ అంతా నేలకే. ఈనాటి ప్రసంగానికి విషయం అదే.

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి, దివిసీమను నడుమ ఉంచుకొని సముద్రంలో కలుస్తుంది. హంసలదీవి వేణుగోపాలస్వామి ఆలయాన్ని చూడబోయినవారు దానికి దిగువన సముద్రపు ఒడ్డున ఉన్న పాలకాయతిప్పను కూడా చూసే ఉంటారు. అక్కడికి దక్షిణంగా నది ఇంకా చీలి, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ మొదలైన చోట్ల మడ అడవులను పెంచింది. ఈ పేర్లను ఒక్కసారి గమనించండి. తిప్ప, దిబ్బ, లంక, దీవి. ఆ ప్రాంతంలో ఊరికి పేరు పెట్టినవాడు ముందుగా చూసింది గుడినీ కాదు, చెరువునూ కాదు; నీటికి పైన నిలిచిన కాస్త మెరకను చూశాడు. తిప్ప అంటే మెరక. ఆ మెరక ఉన్నది గనుకనే అక్కడ మనిషి గుడిసె వేసుకున్నాడు. తొండ కూడా ఆ మెరకను నమ్ముకొనే అక్కడ కాపురం ఉంటున్నది.

ఈ మడ అడవులలో సుమారు 195 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ప్రభుత్వం 1989లో కృష్ణా వన్యప్రాణి రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. దీనిలో కొంత భాగం కృష్ణా జిల్లాలోను, కొంత నేటి బాపట్ల జిల్లాలోను ఉన్నది. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న మొదలైనవి ఇక్కడి చెట్లు. తెల్లమడ ఆకును తుంచి నాలుకకు తగిలించి చూస్తే ఉప్పగా ఉంటుంది. వేరు తాగిన ఉప్పునీటిలోని ఉప్పును ఆకు మీద ఉన్న సూక్ష్మమైన గ్రంథుల ద్వారా బయటికి నెట్టివేయడం ఆ చెట్టు నేర్చిన విద్య. తిల్ల చెట్టు పాలు కంటిలో పడితే చూపుకే ప్రమాదమని పడవవారు పిల్లలకు ముందుగా చెప్పి గాని అడవిలోకి తీసుకుపోరు. నీటి అంచున చేపలు పట్టి తినే బావురుపిల్లి ఈ అడవికి పేరు తెచ్చిన జంతువు. దానిని చూడాలని దూరప్రాంతాల నుండి వస్తారు. తొండను చూడడానికి ఎవరూ రారు.

నేను కూడా తొండ కోసం వెళ్ళలేదు. మత్స్యకారుల కార్యక్రమానికి కొన్ని మాటలు, కాస్త సముద్రఘోష ముద్రించి తెచ్చుకోవడం నా పని. ఆషాఢంలో తొలి వాన పడి రెండు రోజులైంది. పోటు వస్తే గాని పడవ కదలదని చెప్పడంతో, పాలకాయతిప్ప దాటిన తరువాత కాలువగట్టున ఒక ఇసుకదిబ్బ పక్కన సరుగుడు నీడలో కూర్చున్నాను. ఎదుట తుమ్మకొమ్మ మీద ఒక మగతొండ తల, మెడ ఎర్రబారి, ముందుకాళ్ళ మీద లేస్తూ, వాలుతూ దండేలు తీస్తున్నది. రేడియోలో పనిచేసేవాడికి ఇంతకంటె నిరర్థకమైన జంతువు మరొకటి లేదు. గంటసేపు మైకు పెట్టినా అది కిక్కురుమనదు. దాని భాష అంతా తల ఊపులోను, మెడ రంగులోను ఉన్నది.

ఆ ఎరుపును చూసి ఆంగ్లేయులు దీనికి నెత్తురు పీల్చేదనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ భయంతోనే మన పిల్లలు కూడా దీనిని రాళ్ళతో కొడతారు. పాపం, అది ఎవరి నెత్తురూ తాగదు. చీమలు, మిడతలు, పురుగులు దాని ఆహారం. జత కట్టే కాలంలో ఈ కొమ్మ నాది అని ఇతర మగతొండలకు తెలియజేయడానికే ఆ రంగు. చర్మంలోని కణాలలో ఉన్న నల్లని వర్ణద్రవ్యం పరచుకుంటే ఒళ్ళు ముదురు రంగు అవుతుంది, ముడుచుకుంటే పాలిపోతుంది. ఊసరవెల్లి విద్య ఇంతకంటె సూక్ష్మమైనది. దాని చర్మకణాలలో అతి చిన్న స్ఫటికాలు వరుసలు తీరి ఉంటాయనీ, వాటి నడుమ ఎడం పెరిగినా తగ్గినా ప్రతిఫలించే వెలుగు రంగు మారుతుందనీ 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వారు నిరూపించారు. సామెత చెప్పినవాడు ఈ తేడా ఎరుగడు గాని, రెండూ రంగు మారుస్తాయని మాత్రం సరిగానే కనిపెట్టాడు.

తొండకు శాస్త్రీయనామం 1802లో ప్రెంచి పండితుడు దోదాఁ పెట్టాడు. ఆ పేరుకు పలురంగులది అని అర్థం. దానికి ఇంటిబల్లి వలె కాలివేళ్ళ కింద అంటుకొనే మెత్తలు లేవు. పొడుగైన వేళ్ళు, వాడి గోళ్ళు ఉన్నాయి. ఒంటికంటె రెండింతలకు పైగా పొడుగుండే తోక కొమ్మల మీద త్రాసుముల్లు వలె తూకం నిలుపుతుంది. పట్టుకుంటే బల్లి తోక వదిలి పారిపోతుంది. తొండ అట్లా వదలదు. రాత్రివేళ సన్నని రెమ్మ చివరకు పోయి నిద్రిస్తుంది. పాము వచ్చినా, మరేది వచ్చినా ముందుగా రెమ్మ కదులుతుంది, తొండ మేలుకొని కిందికి దూకుతుంది. కావలివాణ్ణి పెట్టుకోకుండా కావలి ఏర్పాటు చేసుకున్నదన్నమాట.

ఉప్పునీటి అడవిలో దానికి మంచినీరు ఎక్కడిదని అడుగవచ్చును. తినే పురుగుల ఒంటిలోని తడి చాలావరకు సరిపోతుంది. వాన పడినప్పుడు ఆకుల మీది చుక్కలు నాకుతుంది. పొలుసులు కప్పిన చర్మం నుండి నీరు తేలికగా ఆవిరి కాదు. మడ పూతకు తేనెటీగలు, వాటి వెంట రకరకాల పురుగులు వస్తాయి గనుక తిండికీ లోటు లేదు. కనుక చెట్టు మీద దాని బతుకు నిశ్చింతగానే ఉన్నది.

నేను చూస్తూ ఉండగా ఒక ఆడతొండ సరుగుడు మాను మీద నుండి దిగింది. దాని పొట్ట ఇరుపక్కలా ఉబ్బి ఉన్నది. దిబ్బ మీద బాలబందతీగ అల్లుకున్న చోట అటూ ఇటూ తిరిగి, రెండు మూడు చోట్ల గోకి, వదలిపెట్టి, చివరకు ఒక చోట ముందుకాళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. పడవ మాట మరచిపోయాను. చాలాసేపటికి గోయి తయారైంది. గుడ్లు పెట్టి, మట్టి కప్పి, ముట్టెతో పొడిచి పొడిచి గట్టిపరచింది. ఇల్లలుకుతున్న ముసలమ్మ శ్రద్ధ ఉన్నది ఆ పనిలో. తరువాత ఒకసారి కూడా వెనుకకు తిరిగి చూడలేదు. ఆ గుడ్లతో దానికిక సంబంధం లేదు. పది నుండి ఇరవై దాకా ఉండే ఆ గుడ్లను ఆరేడు వారాలపాటు పొదగవలసిన భారం నేలది.

ఈ ఆరేడు వారాలలోనే అసలు చిక్కు ఉన్నది. తొండ గుడ్డు కోడిగుడ్డు వంటిది కాదు. దాని పెంకు మెత్తని తోలు వంటిది. మట్టిలోని చెమ్మను ఆ పెంకు ద్వారా పీల్చుకొని గుడ్డు పెరుగుతుంది; ఆ పెంకు ద్వారానే లోని పిల్ల గాలి పీల్చుకుంటుంది. మట్టి బొత్తిగా ఎండితే గుడ్డు ముడుచుకుపోతుంది. నీరు నిలిస్తే ఊపిరాడదు. ఆ నీరు ఉప్పునీరైతే, ఊరగాయ జాడీలో ముక్క నుండి ఊట దిగినట్లు, గుడ్డులోని నీరే బయటికి లాగబడుతుంది. కనుక దానికి కావలసినది ఒక విధమైన నేల: పోటు అందనిది, గోళ్ళకు లొంగేది, వాననీటితో కాస్త చెమ్మగిల్లినది. మడ అడవిలో వందల ఎకరాలు వెదికినా అటువంటి నేల నాలుగు మూరల వెడల్పున ఏ గట్టుగానో, దిబ్బగానో మాత్రమే దొరుకుతుంది. అడవి ఎంత పెద్దదైనా ఆ దీవిలో తొండల వంశం ఆ నాలుగు మూరల మీదనే నిలిచి ఉన్నది.

ఈ దీవులకు తొండ ఎట్లా చేరిందో ఊహించడం కష్టం కాదు. వరదల కాలంలో కృష్ణ ఏమేమి మోసుకువస్తుందో బెజవాడవారికి తెలుసు. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బారేజి వద్ద ప్రవాహం పదకొండు లక్షల క్యూసెక్కులు మించింది. అటువంటి వరదలో వేళ్ళతో సహా పెకలిన చెట్లు సముద్రం దాకా పోతాయి. వాటిని పట్టుకున్న జీవాలు కొన్ని మునిగిపోతాయి, కొన్ని ఏ దిబ్బకో చేరుతాయి. గుడ్లతో ఉన్న ఆడతొండ ఒక్కటి ఒడ్డుకు చేరినా చాలును. ఇది కేవలం కల్పన కాదనడానికి ఒక ప్రసిద్ధమైన నిదర్శనం ఉన్నది. 1995లో కరీబియన్ సముద్రంలో రెండు పెనుతుఫానులు వెంటవెంట వచ్చిన పిమ్మట, అంగ్విల్లా అనే చిన్న దీవి ఒడ్డుకు దుంగలు, పెకలిన చెట్లు ఒక పెద్ద తెప్పవలె కొట్టుకువచ్చాయి. ఆ తెప్ప మీద పదిహేను పచ్చని ఇగువానాలు ఉన్నాయి. ఇగువానా కూడా చెట్ల మీద ఉండే బల్లి జాతియే. అంతకుముందు ఆ దీవిలో ఆ జాతి లేదు. జాలరులు కళ్ళారా చూసిన ఆ సంఘటనను తరువాత శాస్త్రజ్ఞులు పరిశీలించి ప్రకటించారు.

తొండ వర్గపు బల్లులు ఓడల మీద కూడా ప్రయాణం చేశాయి. మన తెలుగువారు కూలీలుగా వలసపోయిన మారిషస్ దీవిలోను, రీయూనియన్, సీషెల్స్ దీవులలోను ఈనాడు తొండలున్నాయి. సింగపూరులో ఇవి ప్రవేశించిన తరువాత అక్కడి పచ్చతొండ నగర ఉద్యానవనాల నుండి వెనుకకు తగ్గి అడవులకు పరిమితమైంది. ఇక్కడ నాలుగు మూరల దిబ్బను నమ్ముకొని ఉన్న ప్రాణి, మరొక దీవిలో దొరతనం చేస్తున్నది. ప్రాణుల మంచిచెడ్డలను నిర్ణయించేముందు అవి ఎక్కడ ఉన్నవో అడగవలసి ఉంటుంది.

ఇక తుఫానుల మాట. దివిసీమ గూర్చి మాట్లాడుతూ 1977 నవంబరు 19ని తలచుకోకుండా ఉండలేము. ఆనాడు ఐదు మీటర్ల ఎత్తున సముద్రం పొంగి లోపలికి వచ్చి, పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి మొదలైన ఊళ్ళు ఆ ఉప్పెన దారిలో ఉన్నాయి. తాడిచెట్టును, తుమ్మచెట్టును కావలించుకొని తెల్లవారేదాకా ముళ్ళ మధ్య వేలాడి బతికి బయటపడినవారు ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. ఆ రాత్రి చెట్టు మీద ఒకే కొమ్మకు మనిషీ పామూ పట్టుకొని ఉన్నారని వారు చెబుతారు.

చెట్టును పట్టుకోవడంలో గల శక్తిని కొలిచిన పరిశోధన ఒకటి ఇటీవల వెలువడింది. 2017లో టర్క్స్, కైకోస్ దీవులలో అనోలు అనే చిన్న చెట్టుబల్లుల కొలతలు తీసుకొని శాస్త్రజ్ఞులు వెనుదిరిగిన కొద్దిరోజులకే అక్కడ రెండు పెనుతుఫానులు వచ్చాయి. వారాల తరువాత తిరిగి వెళ్ళి, బతికి ఉన్నవాటిని కొలిచారు. వాటి వేళ్ళ మెత్తలు మునుపటి సగటు కంటె పెద్దవి. ముందుకాళ్ళు పొడుగు, వెనుకకాళ్ళు పొట్టి. కారణం తెలుసుకోవడానికి వారు చేసిన పని వింటే నవ్వు వస్తుంది. రాలిన ఆకులను ఊదివేసే గాలియంత్రం తెచ్చి, కర్ర మీద బల్లిని ఉంచి, ఎదురుగా మెత్తని వల కట్టి, గాలి వదిలారు. గాలి పెరిగినకొద్దీ బల్లి వెనుకకాళ్ళు ముందుగా పట్టు తప్పి జెండావలె ఎగిరాయి. ముందుకాళ్ళతోనే అది వేలాడింది. పొడుగైన వెనుకకాళ్ళు తెరచాపవలె గాలిని పట్టి బల్లిని లాగివేస్తాయన్నమాట. ఏ బల్లికీ దెబ్బ తగలలేదు.

చెట్టు పట్టు ఎంత గట్టిదైనా అది పెద్దవాటిని మాత్రమే కాపాడగలదు. మట్టిలో ఉన్న గుడ్డు దేనినీ పట్టుకోలేదు. మన తీరానికి పెద్ద ఉప్పెనలు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలలలో వస్తాయి. అప్పటికి తొండ గుడ్లు చాలావరకు పగిలి పిల్లలు చెట్లెక్కి ఉంటాయి. కాని 1990 మే 9న వచ్చిన తుఫాను మచిలీపట్నానికి దిగువన, సరిగా జత కట్టే కాలంలోనే తీరం దాటింది. అటువంటి ఏడాది ఎత్తైన దిబ్బలో పెట్టిన గుడ్లు తప్ప మిగిలినవి దక్కే ఆశ లేదు.

నేను ఇంతసేపు తొండను గూర్చి చెబుతున్నాను గాని, ఆ జాతికి వచ్చిన ప్రమాదం ఏమీ లేదని ఒప్పుకోవలసి ఉన్నది. బందరులో, గుడివాడలో ఏ కంచె మీద చూసినా తొండలే. ప్రమాదమంతా దిబ్బకు వచ్చింది. నది తెచ్చే ఒండ్రుతో డెల్టా పెరుగుతుంది. నాగార్జునసాగరం, శ్రీశైలం వంటి జలాశయాలు కట్టిన తరువాత ఆ ఒండ్రు చాలావరకు పైననే ఆగిపోతున్నది. 1977 నుండి 2000 దాకా తీసిన ఉపగ్రహచిత్రాలను పోల్చి చూసినవారు కృష్ణా డెల్టా తీరం పెరగడం కంటె తరగడమే ఎక్కువని తేల్చారు. అన్నం పెట్టిన ఆనకట్టలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు; లెక్కలో రెండోవైపు కూడా రాసుకోవాలని మాత్రమే అంటున్నాను. ఇది చాలదన్నట్లు, రొయ్యల సాగు విజృంభించిన నాటి నుండి తీరంలో మెరకలను చదును చేయడం, మడ నరకడం సాగింది. తీర నియంత్రణ ప్రాంతంలో రొయ్యల చెరువులు కూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా అడిగినవారు తక్కువ.

మడను తిరిగి పెంచడానికి జరిగిన ప్రయత్నం కూడా చెప్పుకోదగినదే. మడ నరికిన చోట నేల మధ్యలో పళ్ళెంవలె కుంగి, పోటునీరు నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకొని మరి ఏ మొక్కా మొలవదు. 1990 దశకం చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఆ ఊళ్ళవారు కలిసి అటువంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి ఇరుపక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటు వాటి గుండా లోపలికి వచ్చి, పాటులో ఉప్పును కడుగుకొని బయటికి పోతుంది. అటుపైన నాటిన మడ నిలిచింది. మడ పెరిగితే మనుషులకు ఏమి లాభమో ఒడిశా లెక్కలు చెబుతున్నాయి. 1999 అక్టోబరు పెనుతుఫానులో కేంద్రపడా జిల్లాలో సముద్రానికీ ఊరికీ నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్నచోట ప్రాణనష్టం తక్కువగా జరిగిందని పరిశోధకులు లెక్కగట్టి చూపారు. మడ అలను అడ్డుతుంది. ఇసుకదిబ్బ అలను ఆపుతుంది. దిబ్బను పట్టి ఉంచేవి బాలబందతీగ, రావణుని మీసమని పిలిచే గడ్డి. ఈ మూడింటిలో చెట్టుకు దొరికే గౌరవం తీగకూ గడ్డికీ దొరకదు. చెట్లు నాటే ఉత్సవాలున్నాయి. దిబ్బను దిబ్బగా వదిలిపెట్టే ఉత్సవం లేదు.

పడవ నడిపే పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆడతొండ తవ్విన చోటు చూపించాను. ఆయనకు అది వింత కాదు.

"యేటా ఈ దిబ్బ మీదనే పెడతయ్యి బాబూ. మా చిన్నప్పుడు ఆ ముందర దిబ్బ మీద కూడా పెట్టేయి."

"ముందర దిబ్బ ఏదండీ?" అని అడిగాను.

ఆయన చెయ్యి చాపి చూపిన చోట నీరు తప్ప ఏమీ కనిపించలేదు.

ఇంతలో పోటు ఎక్కింది. కాలువలోని నీరు బురదను కప్పి, మడవేళ్ళను కప్పి, దిబ్బ అంచుకు తగిలి నురగ కట్టింది. గోయి ఉన్న చోటికి, నీటి అంచుకు నడుమ ఎంత ఎడం ఉన్నదో పెద్దాయన తెడ్డు వేసి కొలిచాడు. ఒక తెడ్డు, పైన జానెడు. ఆనాటికి పోటు అక్కడితో ఆగింది. మేము పడవ ఎక్కాము.